తలుపుకు వేలాడిన పసుపు సంచీ

హేసాంగ్ అపార్ట్‌మెంట్ లిఫ్టులో, అద్దం పక్కన, ఒక తెల్ల కాగితం అతికించి ఉండేది. "అందరి క్షేమం కోరి, ఏడో అంతస్తువారు కొంతకాలం మెట్లదారి వాడవలసిందిగా సవినయ మనవి. ఇట్లు, మహిళా సంఘం." అంతే. అందులో ఎవరి పేరూ లేదు, కటువు మాట ఒక్కటీ లేదు. కింద రెండు పువ్వుల బొమ్మలు కూడా వేసి ఉన్నాయి. మర్యాద తెలిసినవాళ్ళు రాసిన కాగితమని చూడగానే తెలిసిపోతుంది.

ఆ మర్యాద బరువెంతో మోసేవాళ్ళకే ఎరుక. మాసాన్ రేవు మీంచి చల్లగాలి వీస్తున్న ఆ వసంతకాలపు సాయంత్రం, మల్సుక్ ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని మెట్లెక్కుతోంది. యాభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి పొయ్యి ముందు నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. మహమ్మారి సోకి ఆసుపత్రిలో చేరి, జబ్బు పూర్తిగా పోయిందని వైద్యులు చెప్పాకనే ఇంటికి వచ్చింది. అయినా ఆ కాగితం లిఫ్టులోంచి కదల్లేదు. వెనక ఆమె కూతురు సోదమ్ ముల్లంగి దుంపల సంచీ మోసుకొస్తోంది.

నాలుగో అంతస్తు మలుపులో మల్సుక్ కూర్చుండిపోయింది. పైనుంచి దిగుతున్న ఒకావిడ ఆమెను చూసి, మాస్కు మీద మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టుకుని, గిరుక్కున వెనక్కి తిరిగి పైకి వెళ్ళిపోయింది. నిన్నమొన్నటిదాకా మల్సుక్ చేతి కిమ్చీ పచ్చడి లేకపోతే ముద్ద దిగదనేది ఆవిడే.

"లిఫ్టెక్కుదాం పదమ్మా. ఎవరేమంటారో నేను చూస్తా," అంది సోదమ్.

"వద్దులేవే. అరిస్తే మన గొంతే పోతుంది. మెట్లేగా, నెమ్మదిగా ఎక్కుతా," అంది మల్సుక్.

సోదమ్, తల్లి వెనక నిలబడి, పళ్ళు కొరికింది. ఆ కాగితం రాయించింది ఎవరో, పువ్వులు వేసింది ఎవరో ఆమెకు తెలుసు. ఐదో అంతస్తు 502లో ఉండే తక్ యంగ్రాన్, మహిళా సంఘం అధ్యక్షురాలు. ఇవే మెట్లు ఆవిడ చేత ఎక్కించకపోతే తన పేరు సోదమ్ కాదని ఆ మలుపులో, ఆ క్షణాన, ఆ పిల్ల ఒట్టు పెట్టుకుంది.

ఇంతకీ జరిగినదేమిటో చెప్పాలి. మల్సుక్‌కు వీధి మొదట్లో పక్కవంటల కొట్టు ఉండేది. కిమ్చీ, సోయాలో ఉడికించిన పిట్టగుడ్లు, తీపికారంగా వేయించిన నెత్తళ్ళు, ముల్లంగి పచ్చడి. భర్త పోయాక ఆ కొట్టుతోనే కూతుర్ని ఓడల నిర్మాణం చదివే కాలేజీ దాకా తెచ్చింది. కావలసినవాళ్ళకు ఆమె ఆకుపచ్చ మూతల డబ్బాల్లో పెట్టి ఇచ్చేది. తిన్నాక డబ్బా కడిగి తిరిగివ్వాలి. ఖాళీ డబ్బా మాత్రం ఇవ్వకూడదు. ఒలిచిన వెల్లుల్లి పాయలో, రెండు నారింజలో వేసి ఇవ్వాలి. అది అక్కడి పద్ధతి, పెద్దలనాటిది. యంగ్రాన్ ఇంటికీ మల్సుక్ ఇంటికీ మధ్య ఆ డబ్బాలు ఏళ్ళుగా తిరుగుతూనే ఉన్నాయి. ఒకరినొకరు అక్కా, చెల్లీ అని పిలుచుకునేవారు.

ఆ చలికాలం చివర మల్సుక్‌కు జ్వరం వచ్చింది, పరీక్షలో రోగమని తేలింది. ఆమెను ఆసుపత్రికి పంపారు, కూతుర్ని గడప దాటొద్దని ఇంట్లోనే ఏకాంతంలో ఉంచారు. ఆ రోజుల్లో రోగి ఎక్కడెక్కడ తిరిగాడో నగరపాలకులు అందరి ఫోన్లకూ పంపేవారు. "యాభైల్లో ఉన్న స్త్రీ. చేపల బజారు, స్నానశాల, మందుల కొట్టు." పేరుండదు. జనం మాత్రం భోజనాల దగ్గర కూర్చుని ఆ సందేశాలను పొడుపుకథల్లా విప్పుతూ ఉండేవారు. యాభైల్లో ఉన్న స్త్రీలు మాసాన్‌లో వేలమంది ఉంటారు కనుక ఎవరూ కనుక్కోలేరని తల్లీకూతుళ్ళు ధైర్యంగా ఉన్నారు.

ఆ సందేశం వచ్చిన సాయంత్రానికే అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ ముచ్చట్ల గ్రూపులో యంగ్రాన్ సందేశం వెలిసింది. ఆ స్త్రీ మన ఏడో అంతస్తు పక్కవంటలావిడేనని, అందరూ జాగ్రత్తగా ఉండాలని, ఎంతో బాధతో రాస్తున్నానని. వెంటనే ఎవరో ఒక ఫోటో పెట్టారు. పెరట్లో తిండి చెత్త వేసే తొట్టె పక్కన ఆకుపచ్చ మూత డబ్బా, మూతైనా తీయకుండా. నేనూ పారేశానని ఇంకొకరు, నేనూ అని మరొకరు. అందరూ ఫోటోలు పెట్టారు. అవన్నీ ఆసుపత్రి మంచం మీద ఉన్న మల్సుక్ ఫోనులోకీ వచ్చి పడ్డాయి. తరవాత ఆమెను గ్రూపులోంచి తీసేశారు. ఆనాటి నుంచి కొట్టూ మూతపడింది.

ఆ రోజు తల్లి ఫోను చేసి కూతురితో చెప్పింది ఒక్కటే, ఫ్రిజ్‌లో ముల్లంగి పచ్చడి పాడైపోతుందే, తినెయ్యమని. ఫోటోల సంగతి సోదమ్ తరవాత తల్లి ఫోనులో తానే చూసింది. చూసిననాడు అన్నం తినలేదు. రోగానికి మందులుంటాయి, ఉండకపోతే కనిపెడతారు. చేత్తో చేసి పెట్టినది తొట్టెలో పారేసి, దానికి ఫోటో తీసుకునే జబ్బుకు ఏ ఆసుపత్రిలో పడకలున్నాయో చదివేవారే చెప్పాలి.

తల్లి పేరు యంగ్రాన్‌కు ఎలా తెలిసిందన్నది సోదమ్‌కు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఏ ఆఫీసులోనో తెలిసినవాళ్ళు ఊదారనుకుని, ఆ ఊదినవాళ్ళకూ కలిపి శాపనార్థాలు పెట్టింది.

ఏకాంతంలో ఉన్న ఆ రోజుల్లో సోదమ్‌ను ఆదుకున్నది ఒక్క విద్యార్థి దళమే. కాలేజీలు మూతపడ్డాక పిల్లలు తమంతట తామే పెట్టుకున్న దళం అది, పేరు పొద్దుతిరుగుడు. ఇల్లు కదలలేనివారికి సరుకులు తెచ్చి తలుపు గడియకు తగిలించి వెళ్ళేవారు. తల్లిని ఆసుపత్రికి తీసుకువెళ్ళిన మర్నాడు పొద్దున్నే సోదమ్ గడియకు పసుపు సంచీ వేలాడింది. మీద పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ. లోపల బియ్యం, నూడుల్స్, నారింజలు, చేత్తో రాసిన చీటీ: "నువ్వు ఒంటరివి కావు." ఆ పొద్దంతా ఆసుపత్రివాళ్ళ కోసం ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్న సోదమ్, సాయంత్రం ఎప్పుడో తలుపు తీసి సంచీ లోపలికి తెచ్చుకుంది. చీటీ చదివి వెక్కి వెక్కి ఏడ్చింది.

తల్లి ఇల్లు చేరాక సోదమ్ వెళ్ళి ఆ దళంలో చేరింది. కృతజ్ఞతతో వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. నిజమే, కృతజ్ఞత ఉంది. దాని అడుగున ఇంకోటి కూడా ఉంది. ఏకాంతంలో పడిన ప్రతి ఇంటి చిరునామా ఈ పిల్లల చేతికి వస్తుంది. ఎవరి పొద్దు ఎప్పుడు తిరుగుతుందో ఎవరికి తెలుసు? ఏదో ఒకనాడు 502 కూడా రాకపోదు. ఆ రోజుకు తాను ఇక్కడ ఉండాలి. అంతే ఆమె లెక్క.

దళాన్ని నడిపేవాడు సంగుక్, చివరి సంవత్సరం కుర్రవాడు. నిద్రాహారాలు మాని పనిచేసే మంచివాడు. ఆ మంచితనం నలుగురి కంటా పడాలన్న చిన్న ఆశ కూడా ఉన్నవాడు. పసుపు సంచీ, పువ్వు అతని ఆలోచనే. ప్రతి తలుపు దగ్గరా సంచీకి ఫోటో తీసి, ఇంటి నంబరు కనబడకుండా చెరిపి, దళం పేజీలో పెట్టించేవాడు. నంబరు చెరిపితే చాలనుకునేవాడు. ఆ ఫోటోలు చూసి సరుకులు ఇచ్చే దాతలు పెరిగారు కనుక అతన్ని తప్పుపట్టే సాహసం ఎవరికీ లేదు.

సోదమ్ పని త్వరగా నేర్చుకుంది. బెల్లు కొట్టి వెనక్కి జరగాలి, తలుపు కదిలేదాకా ఉండాలి. ముందు బియ్యం కాదు, మందులేమైనా అయిపోయాయా అని అడగాలి. రేవు దగ్గరి ఒక ముసలాయన తలుపవతల నుంచి తాను గాజుతొట్టెలో పెంచే ఎర్రచేప సంగతులు చెప్పి చెప్పి, వినేవాళ్ళు ఉన్నారని నమ్మకం కుదిరాకనే సంచీ తీసుకునేవాడు. మనిషికి బియ్యం కన్నా ముందు అయిపోయేది మాట అని ఆమె అక్కడే తెలుసుకుంది. ఇంకో ఇంట్లో ఒక పడుచు తలుపు వేలెడంత తెరిచి, సంచీని లోపలికి లాక్కుంటూ, "చెల్లీ, ఈసారి మామూలు నల్ల కవర్లో తేవా? నీకు పుణ్యముంటుంది," అంది. ఆ మాట సోదమ్ వచ్చి చెబితే సంగుక్ నొచ్చుకున్నాడు. తప్పుచేసినవాళ్ళు కదా సిగ్గుపడాలి, మనం వెలుగు పంపుతుంటే నల్ల కవరేమిటన్నాడు. అందరూ నవ్వారు. సోదమ్ కూడా నవ్వింది.

వేసవి మొదట్లో ఆ చిరునామా వచ్చింది. హేసాంగ్, 502, తక్ యంగ్రాన్. కొండలెక్కే స్నేహబృందంలో ఒకామెకు రోగం తేలడంతో ఈవిడకూ ఏకాంతం పడింది. సోదమ్ ఆ పేరు రెండుసార్లు చదివింది. ఇంటికి వచ్చి ఆరా తీస్తే ఇంకా గొప్ప సంగతి తెలిసింది. యంగ్రాన్ బూసాన్‌లో ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళిందని భవనమంతా అనుకుంటోంది. ఆవిడే అలా చెప్పి, తెరలన్నీ మూసి, టీవీ గొంతు నొక్కి, తన ఇంట్లో తానే దొంగలా కూర్చుంది. ఊరందరి రోగాలూ చాటింపు వేసిన నోరు తన సంగతి వచ్చేసరికి కుట్టేసుకుంది.

సొంత భవనానికి ఎవరూ సరుకులు తీసుకువెళ్ళకూడదని దళంలో నియమం. ఇరుగుపొరుగున ఒక కంట కనిపెట్టడం మనలాంటివాళ్ళకే చాతనవుతుందన్నా, అని నంగనాచిలా అడిగి సోదమ్ ఆ సంచీ తన చేతికే తెచ్చుకుంది. అందుకున్నవారి పేరు ఎవరికీ చెప్పకూడదని ఇంకో నియమం. దాన్ని ఆమె అక్షరాలా పాటించింది. నోరు విప్పవలసిన అవసరమే లేదు. 502 లిఫ్టు పక్కనే ఉంది. ఐదో అంతస్తువాళ్ళందరూ ఆ గుమ్మం దాటే తమ ఇళ్ళకు పోవాలి. పైగా ఆమె ఎంచుకున్నది గురువారం. వారానికి ఒకసారి అట్టపెట్టెలు, సీసాలు, డబ్బాలు వేరుచేసి పెరట్లోకి దించే రోజు. ఆ రోజు కాలు బయటపెట్టని ఇల్లుండదు.

ఉన్నవాటిలో మెరిసే పసుపు సంచీ ఏరి, ఒక పువ్వు చాలదని మూడు అతికించి, జనం పెట్టెలు పట్టుకుని బయటికి రాబోయే వేళకు గడియకు తగిలించింది. నిండుగా, నిమ్మళంగా ఫోటో తీసింది. బెల్లు మాత్రం కొట్టలేదు. కొడితే లోపలికి లాగేసుకుంటుంది కదా. తరవాత ఏడో అంతస్తుకు పోయి బార్లీ నీళ్ళు తాగుతూ కూర్చుంది.

కింద పెరట్లో గొంతులు ముందు గుసగుసలాడాయి, తరవాత లేచాయి. చీకటి పడకముందే లిఫ్టులో కాగితం వెలిసింది. "అందరి క్షేమం కోరి, ఐదో అంతస్తువారు కొంతకాలం మెట్లదారి వాడవలసిందిగా సవినయ మనవి." సంఘం కంప్యూటర్లో పాతదే ఉంది కాబోలు, అంకె ఒక్కటి మార్చారు. యంగ్రాన్ స్వయంగా వేసిన పువ్వులు రెండూ యథాతథంగా కింద ఉన్నాయి. కాగల కార్యం గంధర్వులే తీర్చారంటే ఇదే. సోదమ్ ఆ కాగితం ముందు నిలబడి, ఎవరూ లేరు కదా అని, దానికి వంగి నమస్కారం పెట్టింది.

తల్లికి చెబితే తిడుతుందేమోననుకుంది. మల్సుక్ తిట్టలేదు. ముందు నమ్మలేదు, నమ్మాక పకపకా నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. "మూడు పువ్వులు అంటించావా? ఎంత పని చేశావే," అంది కళ్ళు తుడుచుకుంటూ. ఆ పూట ఇద్దరూ రెండు గిన్నెల నూడుల్స్ లాగించారు. పగ తీరితే కడుపు చల్లబడుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

మర్నాడు పొద్దున సోదమ్ తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఉండగా మెట్ల వైపు నుంచి ఏదో దొర్లిన చప్పుడు, ఒక మూలుగు వినిపించాయి. పరుగెత్తింది. ఐదుకూ ఆరుకూ మధ్య మలుపులో గోసంగ్ బామ్మ పడి ఉంది.

506లో ఒంటరిగా ఉండే ఆమెను పుట్టిన ఊరి పేరుతోనే అందరూ గోసంగ్ బామ్మ అంటారు. మల్సుక్ డబ్బాలన్నీ తొట్టె పాలైన రోజుల్లో, ఆమె డబ్బా ఒక్కటే శుభ్రంగా కడిగి, ఎండబెట్టిన గుమ్మడి ముక్కలతో నిండి మల్సుక్ ఉండే 704 గుమ్మం ముందుకు వచ్చింది. రోగం నా దగ్గరికి రావాలంటే వరసలో నిలబడాలే, ముందు చాలామంది జబ్బులున్నారు అని నవ్వేది. ఇప్పుడు ఆమె చెయ్యి మణికట్టు దగ్గర తిరగకూడని వైపు తిరిగి ఉంది. నుదురు చిట్లింది. చేతికర్ర కింది మెట్టు మీద, ఆకుపచ్చ మూత ఒక మూల, డబ్బా ఒక మూల. తెల్లగా ఒలిచిన వెల్లుల్లి మెట్ల నిండా చెల్లాచెదరుగా పడి ఉంది.

"మెట్లెందుకెక్కావు బామ్మా? లిఫ్టు లేదా?" అంది సోదమ్.

"ఐదో అంతస్తువాళ్ళు ఎక్కొద్దని రాశారు కదమ్మా. నాదీ ఐదే కదా. నాలుగు మాటలు పడ్డంకన్నా నాలుగు మెట్లెక్కడం నయం," అంది బామ్మ.

అంబులెన్సువాళ్ళు ఆమెను దించుతున్నప్పుడు ఆమె సోదమ్ చెయ్యి వదలకుండా చెప్పిన ఆఖరి మాట, ఆ వెల్లుల్లి ఏరి కడిగి డబ్బాలో వెయ్యమని, మీ అమ్మకు డబ్బా ఖాళీగా ఇవ్వొద్దని.

సోదమ్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పాయా ఏరింది. ఏరుతున్నంతసేపూ ఆమెలో కోపం పెరుగుతూ పోయింది. ఆ కోపమంతా పట్టుకుని తిన్నగా 502 దగ్గరకు పోయి తలుపు దబదబా బాదింది. పసుపు సంచీ గడియకు లేదు, ఎప్పుడో లోపలికి పోయింది.

"మీ కాగితం వల్ల బామ్మ చెయ్యి విరిగింది అధ్యక్షురాలుగారూ. ఇంకో రెండు పువ్వులు వేసుకోండి," అంది.

తలుపు తెరుచుకోలేదు. దానికి అతుక్కుని నిలబడినట్టు యంగ్రాన్ గొంతు చాలా దగ్గర్నుంచి వచ్చింది. "మల్సుక్ అక్క కూతురివా? కాగితం నాదే. కాదన్ను. మరి సంచీ ఎవరిది?"

సోదమ్ తలుపు మీంచి చెయ్యి తీసేసింది.

"మీ అమ్మ సంగతి నాకెవరు చెప్పారనుకుంటున్నావు? ఎవరూ చెప్పలేదే. చేతులు కడుక్కునే మందు ఇల్లిల్లూ పంచుతూ ఏడో అంతస్తుకొచ్చా. మీ గడియకి ఇట్లాంటి సంచీయే వేలాడుతోంది. పొద్దున్నా ఉంది, మధ్యాహ్నం వచ్చినా ఉంది. దాన్ని చూశాక ఇంక అడిగేదేముంది?" కాసేపు ఊపిరి చప్పుడు వినిపించింది. "భయపడ్డాను. భయపడి రాశాను. అది తప్పే. నువ్వు మాత్రం భయపడి తగిలించలేదు. గురువారం చూసుకుని తగిలించావు. ఆ మాత్రం నాకు తెలీదా? నేనూ ఆ బళ్ళోనే చదివాను."

సోదమ్ అక్కడ నిలబడలేకపోయింది. ఆమెకు ఆ పొద్దు గుర్తుకొచ్చింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని తాను లోపల కూర్చుంటే, అవతల తలుపు మీద పువ్వు పూసి వచ్చేపోయేవాళ్ళకు అమ్మ పేరు చెబుతూనే ఉంది. తాను ఏడ్చి కళ్ళకద్దుకున్న సంచీయే. నల్ల కవరు అడిగిన పడుచును తలచుకుంది. అప్పుడు తానూ నవ్వింది కదా. ఎవరు ఊదారా అని ఇన్నాళ్ళూ శాపనార్థాలు పెట్టింది ఎవరికి? ఆ దళానికే, అందులో ఇప్పుడు చురుకైన పిల్ల అనిపించుకుంటున్న తనకే.

మల్సుక్ వెల్లుల్లి డబ్బా అందుకుని అంతా విన్నది. నవ్విన ముఖం ఎప్పుడో వాడిపోయింది. డబ్బా మూత బిగిస్తూ అంది. "పగ వద్దని చెప్పేంత మంచిదాన్ని కాదే నేను. నాకూ ఉంది, చచ్చేదాకా ఉంటుంది. కానీ పగన్నాక ఎవరి మీదో వాళ్ళకే చేరాలి. అంతస్తంతా పంచిపెడితే అది పగ కాదు, రోగం."

సోదమ్ లేచి లిఫ్టు దగ్గరకు పోయింది. నలుగురు ఆడవాళ్ళు ఉండగానే కాగితం చించి నలిపింది. ఇదేం పనని ఒకావిడ గద్దించబోయింది. "సంచీ తగిలించింది నేను. 502 ఆవిడకు రోగం లేదు, ఏకాంతం మాత్రమే. గోసంగ్ బామ్మ చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉంది. ఇది మళ్ళీ అతికించాలనుకున్నవాళ్ళు ముందు బామ్మ దగ్గరకెళ్ళి చెప్పి రండి," అంది సోదమ్. తొట్టె పక్క ఫోటోలు తీసినవాళ్ళు కూడా ఆ నలుగురిలో ఉన్నారు, తమ చెప్పులవంక చూసుకుంటూ.

దళం సమావేశంలో ఆమె తాను చేసిన పనంతా చెప్పేసింది. నియమం తప్పానని, కావాలంటే వెళ్ళగొట్టమని అంది. అది కాక ఇంకోటి అడిగింది. సంచీ, పువ్వు, ఫోటో మూడూ మానేయాలి. ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ రోజూ పార్శిల్ పెట్టెలు పడుంటాయి, వాటిని తలెత్తి చూసేవాడు లేడు. మన సరుకులు కూడా అలాంటి మట్టిరంగు అట్టపెట్టెలోనే పోవాలి.

సంగుక్ ముఖం మాడ్చుకున్నాడు. "పువ్వు తీసేస్తే మనమెవరో ఎవరికి తెలుస్తుంది? దాతలకేం చూపిస్తాం?"

"మనమెవరో తెలియాలన్న తొందరలో వాళ్ళెవరో ఊరికి చెప్పేశాం అన్నా," అంది సోదమ్. "మా అమ్మ తలుపుకు ఆ సంచీ తగిలించింది కూడా మంచివాళ్ళే. నేను పగతో తగిలించాను, వాళ్ళు ప్రేమతో తగిలించారు. సంచీ ఒక్కటే, జరిగింది కూడా ఒక్కటే. మన మనసులో ఏముందో గడియకు తెలీదు."

దళంలోని పిల్లలు ఏయే ఇళ్ళకు తాము సంచులు తగిలించారో ఎవరికి వారు తలచుకున్నారు. సంగుక్ లేచి, గోడ మీది పెద్ద పొద్దుతిరుగుడు బొమ్మ తానే ఊడదీశాడు. దాతలు కొందరు తగ్గారు. తలుపులు మాత్రం అంతకుముందుకన్నా త్వరగా తెరుచుకోసాగాయి.

502కు వెళ్ళిన తరవాతి పెట్టె మట్టిరంగుదే. అందులో అడుగున, సోదమ్ వద్దని మొత్తుకుంటున్నా వినకుండా, మల్సుక్ ఒక ఆకుపచ్చ మూత డబ్బా పెట్టింది. కళ్ళ నీళ్ళు తెప్పించేంత కారంగా కలిపిన ముల్లంగి కిమ్చీ.

"ఆవిడకు నువ్వు వండి పంపడమేంటమ్మా?" అని కూతురు మండిపడింది.

"సాయమనుకున్నావా? పిచ్చిదానా. తిన్నాక డబ్బా తిరిగివ్వాలి కదా. ఖాళీగా ఇవ్వకూడదు కదా. నా ఇంటికి నడిచి రాక ఎక్కడికి పోతుంది?" అంది మల్సుక్.

ఏకాంతం ముగిసిన రోజున యంగ్రాన్ బయటికి వచ్చి, బజారుకు పోయి, తిరిగివచ్చింది. చేతిలో ఆ డబ్బా ఉంది. లిఫ్టులో ఉన్న ఆడవాళ్ళు తలుపు పట్టుకుని రమ్మన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపి మెట్ల వైపు తిరిగింది. సోదమ్ అప్పుడే బయటినుంచి వచ్చి అది చూసింది. తానూ వెనకే ఎక్కింది. ఆవిడ తన ఐదో అంతస్తు దగ్గర ఆగుతుందో, పైకి వస్తుందో చూడాలని.

నాలుగో అంతస్తు మలుపులో యంగ్రాన్ ఆయాసపడుతూ కూర్చుండిపోయింది. సోదమ్ చెయ్యి అందించలేదు. ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడి, "మా అమ్మ కూడా సరిగ్గా అక్కడే కూర్చునేది," అంది. యంగ్రాన్ ఆ మెట్టువంక చూసింది, చేత్తో తడిమింది. కాసేపటికి తానే లేచి, ఐదు దాటి, ఆరు దాటి, ఏడుకు చేరింది.

మల్సుక్ తలుపు తీసి డబ్బా అందుకుంది. అక్కడే మూత తీసి చూసింది. కొత్తగా దంచిన ఎర్రమిరప పొడి, మూత వెయ్యడానికి సందులేనంత నిండుగా ఉంది. యంగ్రాన్ నడుము వంచి తల దించుకుని అలాగే నిలబడింది. క్షమించమన్న మాట మాస్కులోపల ఎక్కడో నలిగింది.

"నిండుగానే తెచ్చారు," అంది మల్సుక్. ఎన్నో ఏళ్ళు చెల్లీ అని పిలిచిన మనిషిని ఆమె మీరు అనడం అదే మొదటిసారి. "లోపలికి రమ్మనను. ఎల్లుండి కొట్టు తెరుస్తున్నా. నా డబ్బాలు పారేసినవాళ్ళందరినీ వెంటబెట్టుకుని పట్టపగలు రండి. అందరూ చూస్తుండగా కొనండి, అక్కడే మూత తీసి ఒక ముక్క తినండి. అప్పుడు చూద్దాం." యంగ్రాన్ సరేనంది. వెనుదిరిగి మెట్లవైపు వెళ్ళబోతే మల్సుక్ మళ్ళీ పిలిచింది. "దిగేటప్పుడు లిఫ్టులో పొండి. మోకాళ్ళకు ఎక్కడంకన్నా దిగడమే కష్టం. నాకు తెలుసు."

చెప్పిన రోజున వాళ్ళు వచ్చారు. అందరూ కాదు, చాలామంది. యంగ్రాన్ అందరికన్నా ముందు నిలబడి, ముక్క నోట్లో పెట్టుకుని, కారానికి కళ్ళు తుడుచుకుంది. కారానికేనో కాదో మల్సుక్ అడగలేదు. చేతికి కట్టుతో గోసంగ్ బామ్మ కుర్చీలో కూర్చుని వెల్లుల్లి ఎవరు ఒలుస్తారని వచ్చినవాళ్ళనల్లా నిలదీసింది. సోదమ్ మాత్రం కొట్టులో ఎక్కువసేపు లేదు. పువ్వులేని, పేరులేని అట్టపెట్టెలు మోటారుసైకిలు మీద కట్టుకుని రేవువైపు వెళ్ళింది, ఎర్రచేప ముసలాయన ఎదురుచూస్తుంటాడని.

చదివే పెద్దలకు ఒక్క మాట. పగ తీర్చుకోవాలని ఉంటే మనిషికి ఎదురుగా నిలబడి, ముఖం చూపించి తీర్చుకోండి. సాయం చేయాలని ఉంటే ముఖం దాచుకుని చేయండి. ఈ రెంటినీ తారుమారు చేసిన చోటనే ఇళ్ళు వీధిన పడుతున్నాయి.